రేవులో అడుగు మెట్టు పైకి ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, మా ఊరి కాలువ రేవులో నీరు తేటగా ఉన్న రోజున అడుగు మెట్టు మోకాలి లోతులోనే ఉన్నట్టు కనిపించింది. దిగితే నీరు తొడల పైకి వచ్చింది. పడవ గెడ కూడా నీటి దగ్గర విరిగినట్టు కనిపిస్తోంది. ఇది నా కంటి లోపమా?
– ఏడవ తరగతి విద్యార్థిని, కోనసీమ

జవాబు: నీ కంటిలో ఏ లోపమూ లేదమ్మా. మెట్టు మీద పడిన వెలుతురు అక్కడి నుంచి తిరిగి బయలుదేరి, నీటిని దాటి, గాలిలోకి వచ్చి నీ కంటిని చేరినప్పుడే ఆ మెట్టు నీకు కనిపిస్తుంది. ఆ ప్రయాణంలో నీరు ముగిసి గాలి మొదలయ్యే చోట కాంతి దారి మళ్లుతుంది. దీనినే వక్రీభవనం అంటారు.

దారి మళ్లడానికి కారణం వేగంలోని తేడా. కాంతి గాలిలో సెకనుకు దాదాపు 3,00,000 కిలోమీటర్లు, నీటిలో సుమారు 2,25,000 కిలోమీటర్లు పోతుంది. దమ్ము చేసిన చేలో పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని పక్కపక్కన ఒకే వరుసగా నడుస్తూ, ఏటవాలుగా గట్టి పుంత మీదికి వస్తున్నారనుకో. వరుసకు ఒక కొసన ఉండి ముందుగా పుంత ఎక్కిన పిల్ల చకచకా నడుస్తుంది, బురదలో ఉన్నవారు ఇంకా మెల్లగానే వస్తారు, అందువల్ల వరుస మొత్తం ఒక పక్కకు తిరుగుతుంది. అందరూ ఒకేసారి పుంత ఎక్కితే వరుస తిరగదు. నీటిలోంచి నిటారుగా పైకి వచ్చే కిరణం వంగకపోవడానికీ, ఏటవాలుగా వచ్చేది నీటి ఉపరితలం వైపు ఒరగడానికీ కారణం ఇదే.

అయితే కిరణం వంగి వచ్చిన సంగతి మన చూపుకు తెలియదు. అది తిన్నగానే వచ్చిందని భావించి, మెట్టును అసలు చోటు కన్న పైన చూపిస్తుంది. సరిగ్గా పైనుంచి చూస్తే నాలుగు అడుగుల లోతు మూడు అడుగులుగా తోస్తుంది; గట్టున నిలబడి ఏటవాలుగా చూస్తే అంతకన్నా తక్కువగా తోస్తుంది. అందుకే తేటనీరు చూసి లోతు అంచనా వేయకూడదు. పెద్దవారు పక్కన ఉండగా, గెడతో కొలిచిన తరువాతనే దిగాలి. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఒండ్రు రేణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల అడుగు అసలే కనిపించదు.

గెడ సంగతీ ఇదే. నీటిలో మునిగిన ప్రతి భాగమూ కొంత పైకి లేచినట్టు కనిపించడం వల్ల అది నీటి మట్టం దగ్గర విరిగినట్టు తోస్తుంది. చేపను పక్కనుంచి పొడిచే కొంగ కూడా అది కనిపించే చోటుకు కాస్త కిందనే గురిపెట్టాలి.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. లోతైన ఇత్తడి గిన్నె అడుగున రూపాయి బిళ్ళ పెట్టి, గిన్నె అంచు దానిని పూర్తిగా కప్పేసేంత వరకు వెనుకకు జరిగి, తల కదపకుండా నిలబడు. మీ అమ్మగారిని చెంబుతో మెల్లగా నీరు పోయమను. నీటి మట్టం పెరిగేకొద్దీ బిళ్ళ అంచు పైకి తేలివచ్చినట్టు కనిపిస్తుంది. పోసే నీటికి బిళ్ళ జరగకుండా కింద చిన్న మైనపు ముద్ద అంటించడం మరువకు.