రోజూ ఆఫీసుకు వెళ్ళే పికప్ ట్రక్కుతో అయిదు రోజుల డ్రాగ్ రేసింగ్ యాత్రలో పాల్గొనవచ్చా?

ప్రశ్న అడిగినవారు డల్లాస్‌లో ఉంటారట. తమ ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌తో డ్రాగ్ వీక్ వంటి పోటీకి వెళ్ళాలని ఉందనీ, అందుకు ఎంత హార్స్‌పవర్ కావాలో చెప్పమనీ అడిగారు. నిస్సందేహంగా వెళ్ళవచ్చు. హార్స్‌పవర్ గురించి మాత్రం అన్నిటికంటే ఆఖరున ఆలోచించండి. 2004 నాటి షెవ్రొలే సిల్వరాడో పికప్‌తో, ఫ్లోరిడా, జార్జియాలలో జరిగే సిక్ వీక్ అనే ఇలాంటి పోటీనే అయిదు రోజులూ పూర్తి చేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

డ్రాగ్ రేసింగ్ అంటే తిన్నని ట్రాక్ మీద వేగంగా తీసే పరుగు. ఈ పోటీలో పావు మైలు, అంటే 1,320 అడుగుల పరుగు, రోజులో పన్నెండు సెకన్ల పని. మిగిలిన రోజంతా రోడ్డే. ట్రాక్ మీద మంచి సమయం నమోదైన స్లిప్పును నిర్వాహకుల చేతికి ఇచ్చి, వాళ్ళిచ్చిన దారి కాగితం పట్టుకుని, అదే బండిని నడుపుకుంటూ తరువాతి ఊరి ట్రాక్‌కు చేరాలి. దారిలో చెప్పిన చోటల్లా ఆగి, బండి కనబడేలా ఫోటో తీసుకోవాలి. వెనుక సహాయక వాహనం రాకూడదు. బండిని ట్రైలర్ మీదికి ఎక్కిస్తే పోటీ అక్కడితో ముగిసినట్టే. పనిముట్లు, టైర్లు, బట్టలు, అన్నీ మన వెంటే రావాలి. అయిదు రోజుల సమయాల సగటే ఫలితం. హాట్ రాడ్ పత్రిక 2005లో డ్రాగ్ వీక్‌ను ఈ పద్ధతిలోనే మొదలుపెట్టింది. టామ్ బెయిలీ 2022లో ప్రారంభించిన సిక్ వీక్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. నాది రోడ్డు మీద తిరిగే బండేనని గొప్పలు చెప్పుకునే ప్రతి ఒక్కరినీ, అయితే నడిపి చూపించమని అడిగే పోటీ ఇది. అందుకే నాకు దీనిమీద ఇంత గౌరవం.

ట్రక్కు అనగానే చిన్నచూపు చూసేవారికి నేను ఎప్పుడూ ఒక్కటే గుర్తుచేస్తాను. 2014 డ్రాగ్ వీక్‌లో లారీ లార్సన్ అనే ఆయన 5.95 సెకన్లలో, గంటకు 244 మైళ్ళ వేగంతో పావు మైలు దాటింది షెవ్రొలే ఎస్-10 పికప్‌తోనే. ఆ బండికీ మన బండ్లకూ పోలిక లేదని నాకు తెలుసు, కానీ వారం పొడవునా రోడ్డు మీద నడిచి వచ్చి ఆ పరుగు తీసింది ఒక పికప్ అన్నది మాత్రం నిజం.

నా బండి సింగిల్ క్యాబ్, పొట్టి బెడ్డు. పాత బండ్ల యార్డులో కొన్న 6.0 లీటర్ల ఇంజిన్‌కు శక్తి పెరిగేలా వేరే క్యామ్‌షాఫ్ట్, పొగ త్వరగా బయటికి పంపే హెడర్లు వేసి, 4L80E అనే బలమైన గేర్‌బాక్సును జతచేసి, వెనుక యాక్సిల్‌లో 4.10 గేర్లు పెట్టించాను. పికప్‌తో అసలు ఇబ్బంది ఏమిటంటే, బరువంతా ముందు ఉండి వెనుక బెడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి, యాక్సిలరేటర్ తొక్కగానే వెనుక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, కమాను పట్టీలు మెలితిరిగి యాక్సిల్ గంతులు వేస్తుంది. రెండు ఇసుక బస్తాలు వేసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. తనిఖీలో దానిని ఒప్పుకోరు. బరువు ఏదైనా బోల్టులతో బిగించి ఉండాలి. నేను యాక్సిల్ మెలితిరగకుండా పట్టి ఉంచే ట్రాక్షన్ బార్లు బిగించి, ట్రాక్‌కు గట్టిగా అంటుకునే డ్రాగ్ రేడియల్ టైర్లలో గాలి 17 పౌండ్లకు దించుకుని పరుగెత్తేవాడిని, రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపుకునేవాడిని. మొదటి 60 అడుగుల సమయం పదో వంతు సెకను తగ్గితే, చివరికి వచ్చేసరికి అది ఇంచుమించు రెట్టింపు లాభమవుతుంది. పచ్చ దీపం వెలగగానే కదలకపోతే ఓడిపోతామనే బెంగ కూడా మీకు అక్కరలేదు. చక్రం గీత దగ్గరి కిరణాన్ని దాటినప్పుడే గడియారం మొదలవుతుంది, మన ప్రత్యర్థి పక్క లేనులో లేడు.

ఇక నేను ఇంత గట్టిగా మాట్లాడడానికి కారణమైన సాయంత్రం గురించి చెబుతాను. వాల్‌డోస్టా దగ్గరి సౌత్ జార్జియా మోటార్‌స్పోర్ట్స్ పార్కులో ఆ రోజు 12.48 సెకన్ల స్లిప్పు ఇచ్చి, సాయంత్రం నాలుగు గంటలకు గెయిన్స్‌విల్ వైపు బయలుదేరాము. పక్కన కూర్చుని దారి చెబుతున్నది మా బావమరిది. ఫ్లోరిడాలోకి ప్రవేశించి, జాస్పర్ దాటి, రెండు పక్కలా పైన్ చెట్లున్న రోడ్డు మీద సువానీ నది వైపు వెళుతుండగా, నలభై అయిదు మైళ్ళ వేగం దగ్గర సీటు కింద సన్నని వణుకు మొదలైంది. యాభై అయిదుకు వెళితే తగ్గింది, మళ్ళీ నలభై అయిదుకు రాగానే తిరిగి వచ్చింది. "బావా, టైరులో గాలి ఎక్కువైందేమో" అన్నాడు అతను. టైరు వణుకు స్టీరింగులోనో సీటులోనో ఊగినట్టు తెలుస్తుంది. ఇది ఊగడం కాదు, పాదాల కింద తుమ్మెద రొదలాగా ఉంది.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీల కింద పడుకుని పనిచేశారు. గేర్‌బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌కు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఉండే జాయింటును అక్కడ క్రాస్ అంటారు. "క్రాస్ దగ్గర కుంకుమ రాలితే ఇక బండి కదపకు" అని ఆయన తన దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు చెబుతుంటే నేను చిన్నప్పుడు విన్నాను. లేక్ సిటీలో ఒక విడిభాగాల దుకాణం ముందు బండి ఆపి, టార్చి పట్టుకుని కిందికి దూరి చూస్తే, వెనుక క్రాస్ కప్పు చుట్టూ సరిగ్గా ఆ రంగులోనే, ఊదితే ఎగిరేంత మెత్తని ఎర్రపొడి అంటుకుని ఉంది. గ్రీజు ఎండిపోయి లోపలి సూది బేరింగులు ఒకదానినొకటి అరగదీసుకుంటే రాలే తుప్పు అది. ఇంజిన్ మార్చినప్పుడు, గేర్లు మార్చినప్పుడు, ఆ చిన్న వస్తువును మార్చాలని నాకు తోచలేదు. అది రోడ్డు మీద విరిగి ఉంటే షాఫ్టు కింద పడి బండిని ఎటు తిప్పేదో ఇప్పుడు తలచుకున్నా చేతులు చల్లబడతాయి.

కొత్త క్రాస్ దుకాణంలో దొరికింది. చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని జాకీ స్టాండ్ల మీద నిలిపి, షాఫ్టు ఏ కోణంలో ఉందో సుద్దతో గుర్తు పెట్టుకుని, నాలుగు చిన్న బోల్టులు విప్పి బయటికి లాగాను. గేర్‌బాక్సు వెనుక నుంచి ఎర్రని ఆయిలు కారకుండా బావమరిది ఒక ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. పాత క్రాస్ మాత్రం కదలలేదు. ఫ్యాక్టరీలో దానిని క్లిప్పులతో కాక, రంధ్రంలోంచి కరిగిన నైలాన్ పోసి బిగించారు. వేడి చేస్తే తప్ప రాదు. మా దగ్గర మంట లేదు.

అప్పుడే అదే పోటీలో నడుస్తున్న ఒక పాత స్టేషన్ వ్యాగన్ మా పక్కకు వచ్చి ఆగింది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఆయన మా బండి వైపు ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగకుండా చిన్న గ్యాస్ టార్చి తీసుకుని వచ్చారు. షాఫ్టు చెవికి మంట తగిలించిన రెండు నిమిషాలకు చిటపటమని శబ్దం వచ్చి, ఆవగింజంత రంధ్రంలోంచి నైలాన్ సేమియా పోగులాగా బయటికి వచ్చింది. పాత కప్పులు ఊడి వచ్చాయి. ఒక కప్పులో సూదులకు బదులు పొడి మిగిలింది.

కొత్తది ఎక్కించేటప్పుడు ఒక పక్క క్లిప్పు ఎంత నొక్కినా గాడిలో పడలేదు. నేను సుత్తి ఎత్తబోతుంటే ఆ పెద్దాయన నా చేయి పట్టుకుని ఆపి, కప్పు విప్పి చూడమన్నారు. లోపల ఒక్క సూది జారి అడుగున అడ్డంగా పడి ఉంది. కొట్టి ఉంటే కొత్త క్రాస్ కూడా పాడయ్యేది, దుకాణంలో ఉన్నది అది ఒక్కటే. సూదులన్నిటికీ గ్రీజు దట్టంగా రాసి, గోడకు అంటినట్టు నిలబెట్టి, మళ్ళీ నొక్కితే క్లిప్పు టిక్కుమని కూర్చుంది. ఆయన ఆ రోజు మా కోసం గంటన్నర ఆలస్యమయ్యారు. గెయిన్స్‌విల్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మరునాటి ఉదయం అదే క్రాస్‌తో 12.55 సెకన్లు నమోదైంది. ఆ ఏడాది నా అయిదు సమయాలు 12.61, 12.48, 12.55, 12.70, 12.44. సగటు 12.556.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. వీడియోలలో పొగ, మంటలు, గెలిచినవారి అరుపులే కనబడతాయి. ఈ గంటన్నరను ఎవరూ చూపించరు. దాని ఫలితంగా మన తెలుగు కుర్రాళ్ళు ముందు టర్బో కొని, తరువాత బండి గురించి నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట పందేలు వేసుకునేవారిని తలచుకుంటే నాకు కోపం కంటే దిగులు ఎక్కువ. వాళ్ళలో ఉన్న ఇష్టం నాకు అర్థమవుతుంది, కానీ పక్కన వెళ్ళే కుటుంబానికి ఆ ఇష్టంతో సంబంధం లేదు. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల విందులలో ట్రక్కు చూసి ఎంత మైలేజీ ఇస్తుందని తప్ప మరో ప్రశ్న అడగని పెద్దలు కూడా, ఒకసారి ఆ ట్రాక్ దగ్గరికి పిల్లలను తీసుకెళ్ళి కూర్చోబెడితే బాగుండునని నా కోరిక.

ఇక మీ ఎఫ్-150 విషయం. దానికి టర్బో పెద్దది చేయవద్దు, ట్యూనింగ్ జోలికి ఈ ఏడాది వెళ్ళవద్దు. అమెరికాలో డ్రాగ్ రేసింగ్‌ను నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం 13.99 సెకన్లు లేదా అంతకంటే వేగంగా వెళితే హెల్మెట్ తప్పనిసరి. నా ట్రక్కు వంటి 2008కి ముందరి బండి 11.49కి వచ్చిందంటే, బండి బోల్తాపడితే తలను కాపాడే ఇనుప చట్రం, అంటే రోల్ బార్ కూడా ఉండాలి. వేగం పెరిగినకొద్దీ ఖర్చు, బాధ్యత రెండూ పెరుగుతాయి. ముందు మీ ఊరికి దగ్గరలో ఉన్న ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్‌లో మామూలు బండ్లను అనుమతించే రోజు చూసుకుని నాలుగు పరుగులు తీయండి. ఆ స్లిప్పులు దాచుకోండి. తరువాత ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరి, హైవే ఎక్కకుండా, చిన్న రోడ్ల మీద మూడు వందల మైళ్ళు నడిపి, ఇంటికి రాగానే బండి చల్లారకముందే కిందికి దూరి, క్రాస్‌ల దగ్గర, హోసుల దగ్గర, గేర్‌బాక్సు ఆయిలు పైపుల దగ్గర వేలితో తడిమి చూడండి. సైలెన్సర్ పైపు మాత్రం కాలుతుంది, తోలు చేతొడుగులు వేసుకోండి.