గాజుల సంగతి తర్వాత, ముందు మీ ఆయన సంగతి చూడు

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, రెండుసార్లు ఐవీఎఫ్ ఫెయిలై మూడోసారి నిలిచి, ఇప్పుడు నీకు ఐదో నెల. చదవగానే నాకు కళ్లు చెమర్చాయి తల్లీ. ఇన్నాళ్లూ గొడ్రాలన్న అత్తగారే ఇప్పుడు బంధువులందరినీ పిలిచి ఏడో నెలలో ఘనంగా సీమంతం చేస్తానంటున్నారు, ఆవిడ చేత గాజులు తొడిగించుకోబుద్ధి కావడం లేదు, వద్దంటే బిడ్డకు అరిష్టమా అని అడిగావు. బిడ్డకు ఏమీ కాదు. ఇష్టమైతే తొడిగించుకో, లేదంటే మీ అమ్మ చేత తొడిగించుకో. దానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట. శుక్రకణాల కౌంట్ తక్కువ ఉన్నది మీ ఆయనకి. అందుకే డాక్టర్లు శుక్రకణాన్ని సన్నటి సూదితో అండంలోకి పంపే ఇక్సీ చేశారు. ఆ సంగతి మీ ఇద్దరికీ, డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. తోడికోడలి పాప బారసాలలో నీ చేతిలోని హారతి పళ్లెం అత్తగారు లాక్కుని ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఆయన అక్కడే ఉయ్యాలకు పూలు కడుతూ తల ఎత్తలేదన్నావే, నాకు ఆవిడ మీద కంటే ఆ వంచిన తల మీదే కోపం వచ్చింది. ఆవిడకు తెలియదు. ఆయనకు తెలుసు. పొట్ట మీద ఇంజక్షన్లు పొడిపించుకున్నది నువ్వు, మాట పడ్డదీ నువ్వే. మంచివాడు, పల్లెత్తు మాట అనడు అని నాలుగుసార్లు రాశావు. అనాల్సిన చోట కూడా అనలేదు కదమ్మా!

కౌంట్ తక్కువ ఉండటం తప్పు కాదు, పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ల వైపు నుంచీ కారణం ఉంటుంది. తన పరువు కోసం పెళ్లాన్ని అడ్డం పెట్టుకోవడం మాత్రం తప్పే. మొగుడి గుట్టు కాపాడాలని మనల్ని పెంచారు, నేనూ కాదనను, కానీ తొమ్మిదేళ్లు కాపాడావు, చాలు.

అలాగని కోపంలో నువ్వు మాత్రం బయటపెట్టకు. అది ఆయన నోటి నుంచే రావాలి. ఈ నెలలోనే బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఉంటుంది, ఇద్దరూ కలిసి వెళ్లండి, ఆ చిట్టి వెన్నెముక, గుండె, వేళ్లు అన్నీ పక్కపక్కన నిలబడి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు చెప్పు, సీమంతానికి ముహూర్తం పెట్టకముందే వాళ్లమ్మకు నిజం చెప్పి రమ్మని. ఒక్కడినే పంపు, నువ్వు వెంట వెళ్లొద్దు. అన్నీ తెలిశాక ఆవిడ గాజులు పట్టుకుని నీ దగ్గరికి వస్తే, చెయ్యి చాపాలో వద్దో అప్పుడు నీకే తెలుస్తుంది.