అంతరిక్ష నౌకలో ఏం కట్టుకోవాలి?

సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో ఆడవాళ్ల దుస్తుల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఆరింటికి జవాబులు.

ప్రశ్న: 'స్టార్ ట్రెక్' పాత సిరీస్ మొదటి నుంచీ చూస్తున్నాను. పైలట్‌లో (సిరీస్‌కి ముందు తీసే నమూనా ఎపిసోడ్‌లో) ఆడవాళ్లు ప్యాంట్లు వేసుకున్నారు. తీరా సిరీస్ మొదలయ్యాక గౌను మోకాలికి జానెడు పైకి పోయింది. భవిష్యత్తు కథలో ఈ వెనకడుగు ఏమిటి? (పాఠకురాలు, కాకినాడ)

మీరు గమనించింది నిజమే. 1964 చివర్లో మొదలుపెట్టిన మొదటి పైలట్‌లోనూ, 1965లో తీసిన రెండోదాంట్లోనూ ఆడా మగా అందరికీ ప్యాంట్లే. 1966 సెప్టెంబరులో ప్రసారం మొదలయ్యేసరికి పొట్టి గౌన్లు వచ్చేశాయి. ఈ మధ్యలో వచ్చిపడింది మినీ స్కర్టు ఫ్యాషన్. ఇవాళ మనకది మగవాళ్ల కంటికోసం వేసిన వేషంలా కనిపిస్తుంది గానీ, ఆనాటి కుర్రపిల్లలకు అది అమ్మమ్మల మీద తిరుగుబాటు. యోమన్ రాండ్ వేషం వేసిన గ్రేస్ లీ విట్నీ ఆ ఆలోచన తనదేనని చెప్పుకున్నారు. ఉహురాగా నటించిన నిషెల్ నికోల్స్ కూడా ఆ దుస్తులను చిన్నతనంగా అనుకోలేదు. కాబట్టి వెనకడుగు అన్న మాట మన కాలం నుంచి చూస్తేనే.

అయితే ఫ్యాషన్ వేరు, పనికొచ్చే బట్ట వేరు. ఆ నౌక కుదుపుకు గురైనప్పుడల్లా నౌకను నడిపే గదిలో ఉన్నవాళ్లందరూ కుర్చీల్లోంచి పడతారు. అందుకే గౌను కింద అదే రంగు నిక్కరు కూడా కుట్టారు. అది లోదుస్తు కాదు, యూనిఫాంలో భాగమే. పడితే కనిపిస్తుందని ముందే తెలిసి కుట్టిన ముక్క.

డిజైనర్ విలియం వేర్ తీస్‌కి ఒక సూత్రం ఉండేది: బట్ట కవ్వింపుగా అనిపించేది ఒళ్లు ఎంత కనబడుతోందన్నదాన్ని బట్టి కాదు, అది ఇప్పుడో ఇంకాసేపట్లోనో జారిపోతుందేమో అనిపించేదాన్ని బట్టి. 1967లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో లెస్లీ పారిష్ వేసుకున్న గులాబీ రంగు గౌను చూడండి. భుజం మీదుగా వెనక్కి వేసిన పొడవాటి కొంగు బరువే ముందు భాగాన్ని పైకి పట్టి ఉంచుతుంది. కొంగు తొక్కితే అంతే సంగతులు. పైట చెంగు కుర్చీ కాలి కింద ఇరుక్కున్న అనుభవం ఉన్నవాళ్లకి ఆ గౌను చూస్తే గుండె గుభేలుమంటుంది. తీస్‌కి కావలసిందీ అదే.

ఇంకో తిప్పలు గుడ్డది. మొదటి రెండు సీజన్ల యూనిఫాం వెలోర్‌తో, అంటే మఖమల్ లాంటి గుడ్డతో కుట్టారు. డ్రై క్లీనింగ్‌కి వేసిన ప్రతిసారీ అది కుంచించుకుపోయేది. మూడో సీజన్‌లో నైలాన్ డబుల్ నిట్‌కి, అంటే మందంగా అల్లిన గుడ్డకి మారారు. అసలే పొట్టి గౌనుకి కుంచించుకుపోయే గుడ్డ ఎంచుకోవడం మాత్రం తీస్ తప్పే.

ప్రశ్న: స్టార్ ట్రెక్‌లోనే తర్వాతి సిరీస్ 'వాయేజర్'లో సెవెన్ ఆఫ్ నైన్ అనే పాత్రకి ఒంటికి అతుక్కున్న వెండి రంగు సూటు ఎందుకు? కథలో ఏదో వైద్య కారణం చెప్పారు కదా, అది సమంజసమేనా? (పాఠకుడు, వరంగల్)

కథలో చెప్పింది: యంత్రాల్లో కలిసిపోయి బతికిన అమ్మాయి చర్మం మళ్లీ కోలుకోవడానికి నౌకలోని డాక్టరు తయారుచేసిన తొడుగు అది. సరే, చర్మానికి మందు సూటు కావచ్చు, ఎత్తు మడమల చెప్పులు దేనికి? ఆ పాత్ర 1997లో నాలుగో సీజన్‌తో వచ్చింది, వీక్షకులను లాగడానికి. కారణం అంతకు మించి వెతకక్కర్లేదు.

కుట్టుపని వైపు నుంచి చూస్తే మాత్రం డిజైనర్ రాబర్ట్ బ్లాక్‌మన్ చేసింది మామూలు విషయం కాదు. సాగే గుడ్డ నడుము దగ్గర లోపలికి పోదు, ఛాతీ నుంచి తుంటికి తిన్నగా డేరా గుడ్డలా సాగి నిలబడుతుంది. అందుకని లోపల గట్టి పట్టీలు పెట్టిన కార్సెట్ బిగించి, దాని మీద సూటు తొడిగారు. అంటే తెర మీద కనిపించే ఆకారం సగం ఆ పాత్ర వేసిన జెరీ రయాన్‌ది, సగం కార్సెట్‌ది. దీని ఖరీదు ఆమె చెల్లించారు. దుస్తులు తొడిగే మనిషి సాయం లేకుండా బాత్రూంకి వెళ్లే వీల్లేదు. వెళ్లొస్తే ఇరవై నిమిషాల షూటింగ్ ఆగేది. అందుకని ఆమె నీళ్లు తాగడమే తగ్గించుకునేవారు. కాస్ట్యూమ్ బాగుందా లేదా అని చూసేటప్పుడు ఈ లెక్క కూడా వేయాలి: వేసుకున్న మనిషి రోజుకి పన్నెండు గంటలు దాంట్లో ఉండగలదా?

అదే సీజన్‌లో ఇంకో బట్ట ఉంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇంజనీరు బెలానా టోరెస్ ఉన్నట్టుండి యూనిఫాం మీద పొడవాటి కోటు, దానికి పనిముట్ల జేబులతో కనిపిస్తుంది. నటి రొక్సాన్ డాసన్ అప్పుడు గర్భిణి, పొట్ట కనబడకుండా వేసిన కోటు అది. ఇంజనీరుకి జేబులు కావాలన్న ఆలోచన రావడానికి నాలుగో సీజన్ దాకా, అదీ కడుపు దాచాల్సివచ్చేదాకా ఆగాల్సివచ్చింది.

ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్ 'నెక్స్ట్ జనరేషన్'లో డియానా ట్రాయ్‌ది తిరగేసిన కథ. ఏళ్లపాటు లోతు మెడ దుస్తుల్లో తిరిగిన పాత్రకి 1992లో, ఆరో సీజన్‌లో, కొత్తగా వచ్చిన కెప్టెన్ 'అందరిలా యూనిఫాం వేసుకో' అని ఆజ్ఞ వేస్తాడు. మెడ మూసుకున్నాకే తన పాత్రకి తెలివి తిరిగొచ్చిందని ట్రాయ్‌గా నటించిన మరీనా సిర్టిస్ చమత్కరించేవారు. ఆ తర్వాత ఎపిసోడ్లలో ట్రాయ్‌కి పనులు చెప్పడం నిజంగానే పెరిగింది.

ప్రశ్న: 1970 నాటి బ్రిటిష్ సిరీస్ 'యూఎఫ్‌వో'లో చంద్రుడి మీది ఆడవాళ్లందరికీ ఊదా రంగు జుట్టు ఏమిటండీ? (పాఠకురాలు, నెల్లూరు)

విగ్గులు. దుస్తులు చూసుకున్న సిల్వియా ఆండర్సన్ చంద్ర స్థావరంలో పనిచేసే ఆడవాళ్లకు వెండి రంగు దుస్తులూ ఆ విగ్గులూ ఇచ్చారు. ఒక లాభం మాత్రం ఉంది: సన్నివేశం భూమి మీదా, చంద్రుడి మీదా అన్నది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. అయితే ఆ స్థావరంలో మగవాళ్లకి విగ్గులు లేవు! ఐదేళ్ల తర్వాత 'స్పేస్: 1999'కి రూడీ గెర్న్‌రైక్ ఇదే పని ఎంత తేలిగ్గా చేశారో చూడండి. ఆడా మగా అందరికీ ఒకే లేత గోధుమరంగు దుస్తులు, ఎడమ చెయ్యి ఒక్కటీ శాఖను బట్టి వేరే రంగు. చెయ్యి చూస్తే చాలు, డాక్టరో పైలటో తెలుస్తుంది.

ప్రశ్న: 'ది ఎక్స్‌పాన్స్'లో అవసరాల చీరకట్టు చూశాక అనిపించింది. నిజంగా అంతరిక్షంలో చీర నిలబడుతుందా? మా కథలో నాయిక చీరలోనే ఉండాలి. (పాఠకురాలు, తెనాలి)

ముందు పేరు గురించి ఒక మాట. క్రిస్జెన్ అవసరాల అని వినగానే మనవాళ్లకి చెవులు నిక్కబొడుచుకుంటాయి, అచ్చమైన తెలుగింటి పేరు కదా. ఆ పాత్ర వేసిన షోరే అగ్దష్లూ ఇరాన్‌లో పుట్టినావిడ. ఆ పాత్రకి చీర, చీర పోకడలున్న దుస్తులు, బరువైన నగలు ఇవ్వడం సబబే. భూమి మీద ఐక్యరాజ్యసమితిలో పనిచేసే రాజకీయవేత్త ఆవిడ. కుర్చీలో కూర్చుని ఎదుటివాణ్ని బెదరగొట్టడమే ఉద్యోగం. అదే కథలో ఇంజనీరు నయోమికి మగవాళ్లు వేసుకునే జంప్‌సూటే.

ఇక బరువు లేనిచోట చీర సంగతి. నడుము దగ్గర బొందు పట్టు వదలదు కాబట్టి చీర ఊడిపోదు. కానీ కుచ్చిళ్లు నిలువుగా ఉండేది గుడ్డ బరువు వల్లే. ఆ బరువు పోతే అవి గొడుగులా విచ్చుకుంటాయి. కొంగు ఎటు తోస్తే అటు తేలుతుంది, ఏ మీట మీదో పడుతుంది. ఐదున్నర మీటర్ల గుడ్డతో గాలి లాగే జాలీల పక్కన తిరగడం ఒకటే తక్కువ.

మీ తిప్పలు దీనికి తలకిందులు. మీరు తీసేది భూమి మీద. నాయిక తేలుతున్నట్టు నటిస్తూ ఉంటే కొంగు నిటారుగా కిందికి వేలాడి గుట్టు బయటపెడుతుంది. జుంకాలూ జడా కూడా అంతే. సునీతా విలియమ్స్ జుట్టు ఎలా విచ్చుకుని ఉంటుందో జనం టీవీలో చూసేశారు, ఇప్పుడు వేలాడే జడను నమ్మరు. కాబట్టి కుచ్చిళ్లను పై నుంచి తొమ్మిదంగుళాల వరకూ కుట్టేయండి, అక్కడి నుంచి కిందికి లోపలివైపు మూడుచోట్ల టాకా వేయండి. కొంగును పొట్టిగా ఉంచి వెనక నుంచి తెచ్చి నడుములో దోపి, భుజం మీద, నడుము దగ్గర పిన్నులు పెట్టండి. పొలం పనికి వెళ్లే కట్టే ఇది. లోపల లంగా బదులు బిగుతు ప్యాంటు. జుట్టు ముడి, చెవులకు దుద్దులు. మెత్తని షిఫాన్, జార్జెట్ వద్దు, గంజి పెట్టిన నూలు చీర అయితే గుడ్డ తనంతట తాను కొంచెం ఎడంగా నిలబడుతుంది, వేలాడినట్టు ఉండదు.

ప్రశ్న: కాలేజీ షార్ట్ ఫిల్మ్‌లో ముగ్గురు ఆడ పైలట్లకు జంప్‌సూట్లు కుట్టిస్తున్నాం. దర్జీ చుడీదార్ ఆదితో ఒకటి కుట్టాడు. నిలబడితే బాగుంది, కూర్చుంటే తొడల మధ్య పట్టేస్తోంది, చెయ్యెత్తితే మొత్తం పైకి లాగుతోంది. (విద్యార్థి, హైదరాబాద్)

కొలత ఒకటి తక్కువైంది. చొక్కా ప్యాంటు అయితే వంగినప్పుడు నడుము దగ్గర ఎడం వచ్చి సర్దుకుంటుంది. జంప్‌సూట్‌కి ఆ ఎడం లేదు. అందుకని మొండెం చుట్టుకొలత తీయాలి. టేపును ఒక భుజం మధ్యలో పెట్టి, ఛాతీ మీదుగా కిందికి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి, వీపు మీదుగా మళ్లీ అదే భుజానికి. ఐదడుగుల మూడంగుళాల అమ్మాయికి సుమారు 60 అంగుళాలు వస్తుంది. సాగని గుడ్డకి దానికి 3 అంగుళాలు కలపండి, లైక్రా కలిసిన గుడ్డకి అంగుళం చాలు. ఛాతీకి, తుంటికి నాలుగేసి అంగుళాలు లూజు.

చెయ్యెత్తితే లాగడానికి కారణం చంక. చంక కింద నాలుగంగుళాల చదరపు ముక్కను డైమండ్‌లా తిప్పి వేయించండి. చంక మరీ కిందికి కోయిస్తే లూజు వస్తుందనుకుంటారు, నిజానికి ఇంకా లాగుతుంది. ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టించి, అమ్మాయిని కూర్చోబెట్టి, వంగి బూటు లేసు కట్టమనండి, రెండు చేతులూ ఎత్తమనండి. ఆ తర్వాతే మంచి గుడ్డకి కత్తెర.

గుడ్డ: పాలిస్టర్ కలిసిన కాటన్ డ్రిల్, 58 పన్నా అయితే మనిషికి 3 మీటర్లు, 44 పన్నా అయితే నాలుగుంబావు. ముగ్గురికీ ఒకే తానులోంచి, ఒక మీటరు ఎక్కువ తీసుకోండి. చిరిగితే అతుకుకి అదే రంగు దొరకదు. కోసేముందు రాత్రంతా నీళ్లలో తడిపి ఆరేయండి. పారాచూట్ గుడ్డ మెరుస్తుంది గానీ, నడిస్తే తొడల దగ్గర చేసే బరబర చప్పుడు కాలరు మైక్‌లో డైలాగు కన్నా బాగా వినిపిస్తుంది.

ముందు జిప్పు మెడ నుంచి బొడ్డు కిందికి, గడ్డం గీసుకోకుండా పైన చిన్న ముక్క మడత. ఇది మగవాళ్లకి సరిపోతుంది, ఆడవాళ్లకి చాలదు. వెనక నడుము దగ్గర అడ్డంగా 22 అంగుళాల జిప్పు ఒకటి పెట్టించి, దాని మీద రెండంగుళాల బెల్టు వేయండి. బాత్రూంకి మొత్తం ఊడదీసి చలిలో నిలబడాల్సిన పని ఉండదు. బ్యాడ్జీ కుట్టేచోట లోపల బక్రం ముక్క పెట్టకపోతే ఆ పక్క ఛాతీ మీది గుడ్డ వాలిపోతుంది. రోడ్డు పనివాళ్ల కోట్లకుండే మెరిసే టేపు అంటించకండి. కెమెరా పక్కనే లైటుంటే ఆ వెలుగంతా తిరిగి లెన్సులోకే కొట్టి, తెల్లని గీతలు తప్ప ముఖం కనబడదు.

సైజు మాత్రం అమ్మాయి అమ్మాయికీ వేరుగా తీయండి. నాసాలాంటి చోటే 2019 మార్చిలో ఇద్దరు మహిళల స్పేస్‌వాక్ ఆగిపోయింది, మీడియం సైజు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉండటంతో. చివరికి ఇద్దరు మహిళలు, క్రిస్టినా కోక్, జెస్సికా మెయిర్, కలిసి బయటికి వెళ్లింది అదే ఏడాది అక్టోబరు 18న.

ప్రశ్న: ఉహురా ఎర్ర గౌను కుట్టుకోవాలని ఉంది. ఏ గుడ్డ, ఎంత? (పాఠకురాలు, ఆక్లాండ్)

మందపాటి డబుల్ నిట్, 58 పన్నాలో రెండు మీటర్లు. నిక్కరు కూడా అందులోంచే వస్తుంది. బాల్ పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది), సన్న జిగ్‌జాగ్ కుట్టు. మామూలు తిన్న కుట్టు వేస్తే తొడుక్కునేటప్పుడే పటపట తెగిపోతుంది. మొదట తీసిన ఎపిసోడ్లలో ఉహురా బంగారు రంగులో ఉంటుంది, తర్వాతే ఎరుపు. ఆ బంగారు రంగు వెలోర్ కూడా నిజానికి ఆకుపచ్చ. స్టూడియో లైట్ల కింద, ఫిల్ము మీద అలా మారిపోయింది. మీ ఎరుపూ అంతే. దుకాణంలో చూసిన ఎరుపు ఫోన్ కెమెరాలో నారింజకు తిరగొచ్చు, మడతలన్నీ మాయమై ఒకే ముద్దలా కనిపించవచ్చు. కొనేముందు గుడ్డను భుజం మీద వేసుకుని, ఫొటో దిగబోయే వెలుగులోనే ఒక వీడియో తీసి చూడండి. కొంచెం ముదురు ఎరుపు అయితే మడతలు నిలుస్తాయి.