బాల్ ఇచ్చేసి కార్నర్‌లో నిలబడే గార్డ్‌కు ఆట వస్తుందా?

గుంతకల్లు నుంచి ఒక అక్క అడిగినారు: "మా పాపకు 14 ఏళ్లు. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్, అంటే బాల్ తెచ్చి ఆట నడిపించే పాప. కోచ్ ఎప్పుడూ బాల్ హాఫ్ కోర్టు దాటించి పొడుగమ్మాయికి ఇచ్చేసి కార్నర్‌లో నిలబడమంటాడు. ఇట్లయితే ఎట్ల ఎదుగుతుంది? కోచ్‌ను మార్చాలా?"

అక్కా, ఆ కార్నర్‌లో నేను నాలుగేళ్లు నిలబడినాను. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా.

అనంతపురంలో స్కూల్ టీమ్‌కు నేనే గార్డ్. మా సార్ చెడ్డవాడేం కాదు. పొద్దున ఐదున్నరకే గ్రౌండ్‌లో ఉండేవాడు. డిఫెన్స్‌లో కాళ్లు ఎట్ల జరపాలో ఓపిగ్గా నేర్పించినాడు, అది ఈరోజుకీ నాకు పనికొస్తోంది. అయితే మా టీమ్‌లో బాగా పొడుగమ్మాయి ఒకతి ఉండేది. బాల్ ఆమెకు అందిందంటే రెండు పాయింట్లు వచ్చినట్టే. "ఇచ్చేసి పక్కకు పో" అనేవాడు సార్. 8 సెకన్లలో హాఫ్ దాటించేది, ఇచ్చేది, నిలబడేది. నా ఆటంతా అంతే. మా మ్యాచ్‌లకు షాట్ క్లాక్ (బాల్ చేతికొచ్చినాక ఎన్ని సెకన్లలో బాస్కెట్‌కు వేయాలో లెక్కపెట్టే గడియారం) కూడా పెట్టేవాళ్లు కాదు, 24 సెకన్లంటే ఎంతసేపో ఒంటికి తెలియనే లేదు. కప్పులు మాత్రం గెలిచినాం.

లోటు సెలెక్షన్స్‌లో బయటపడింది. పిక్ అండ్ రోల్ ఆడమన్నారు, అంటే తోటి అమ్మాయి నా డిఫెండర్‌కు అడ్డంగా నిలబడి (దాన్నే పిక్, స్క్రీన్ అంటారు) ఆ తర్వాత బాస్కెట్ వైపు పోతుంది. స్క్రీన్ దాటేసరికి ఎదురుగా ఇద్దరు. డ్రిబుల్ ఆపేసి, బాల్ రెండు చేతులా పట్టుకుని, ఎవరైనా చెప్తారేమోనని సైడ్‌లైన్ వైపు చూసినాను. లోపలికి పోతున్న అమ్మాయికి ఇవ్వాలా, అవతలి కార్నర్‌కు వేయాలా, నేనే బాస్కెట్ దగ్గరికి పోయి లేఅప్ వేయాలా అని తేల్చుకునే పని నాలుగేళ్లలో నాకు ఒక్కసారీ పడలేదు మరి. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు.

డిగ్రీలో ఒక మేడమ్ కోచ్‌గా వచ్చినారు. మొదటి మ్యాచ్‌కు ముందే "ఈరోజు నిన్ను బయటికి పిలవను, బాల్ నీదే" అన్నారు. 9 టర్నోవర్లు చేసినాను, అంటే తొమ్మిదిసార్లు బాల్ అవతలివాళ్లకు పోగొట్టినాను. ఓడిపోయినాం. ఆమె పిలవలేదు. మరుసటిరోజు ఒక్కొక్కటీ గుర్తుచేసి "అప్పుడు ఏం చూసినావు?" అని అడిగినారు, తిట్టలేదు. సరిగ్గా చూసీ పాస్ తప్పినదానికి చేతులకు ప్రాక్టీస్. చూడకుండానే వేసినదానికి ముగ్గురు ముగ్గురుగా ఆట. కొన్ని నెలలకు, పిక్ దాటకముందే మూడో డిఫెండర్ యాడుందో వెతకడం అలవాటైపోయింది.

పెద్ద ఆటగాళ్ల కథా ఇంతే. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో జేమ్స్ హార్డెన్ ఓక్లహోమా సిటీ టీమ్‌లో బెంచ్ నుంచి వచ్చి ఆడేవాడు, అట్ల వచ్చేవాళ్లలో బాగా ఆడినవాడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు కూడా 2012లో వచ్చింది. హ్యూస్టన్‌కు మారినాక బాల్ అతని చేతికొచ్చింది. 2016లో కోచ్ మైక్ డాంటోని అతన్ని పూర్తిగా పాయింట్ గార్డ్‌ను చేసినాడు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కు 11.2 అసిస్టులు (తోటివాడు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు), లీగ్‌లో అందరికంటే ఎక్కువ. అదే సీజన్‌లో 464 టర్నోవర్లు, అంతవరకు ఒక సీజన్‌లో ఎవరూ అన్ని చేయలేదు. ఆ 464ను ఓర్చుకునే కోచ్ ఉన్నాడు కాబట్టే ఆ అసిస్టులు వచ్చినాయని నా నమ్మకం.

కార్నర్ దండగ అనడం లేదు. బాల్ లేకుండా ఎక్కడ నిలబడాలో, అందుకోగానే ఎట్ల వేయాలో అక్కడే వస్తుంది. ఎప్పుడూ బాల్ తన చేతిలోనే ఉంచుకున్న పిల్లలు పై లెవెల్‌కు పోయినాక తెల్లమొహం వేయడం కూడా చూసినాను. రెండూ రావాలి.

పాపను ఆదివారాలు త్రీ ఎక్స్ త్రీ (అటు ముగ్గురు, ఇటు ముగ్గురు) ఆడించండి. సగం కోర్టు, 12 సెకన్ల షాట్ క్లాక్, పైగా రూల్ ప్రకారం మ్యాచ్ జరిగేటప్పుడు కోచ్ చెప్పకూడదు. పిల్లలే తేల్చుకోవాలి. క్లాక్ లేకపోతే పక్కన ఎవరైనా గట్టిగా లెక్కపెట్టినా చాలు. బాల్ మాత్రం సైజు 6 ఉండాలి. మాకు మగపిల్లల సైజు 7 బాల్సే ఉండేవి, భుజం నుంచి తోసేయడం అలవాటై, ఆ షాట్ సరిచేసుకునేసరికి రెండేళ్లు పట్టింది.

ఇక కోచ్ సంగతి. మార్చే ముందు ఒకసారి మాట్లాడండి. మ్యాచ్ రోజు వద్దు, అందరి ముందరా వద్దు. "మా పాపకు షాట్లు ఎందుకివ్వరు" అంటే ఏ సారైనా మొహం ముడుచుకుంటాడు. "ఆ పొడుగు పాప రెస్ట్ తీసుకునే ఐదు నిమిషాలు మా పాపతో పిక్ ఆడిస్తారా సార్, తప్పులు చేసినా బయటికి పిలవకుండా?" అని అడగండి. ఒప్పుకుంటే ఆ సార్‌ను వదలొద్దు. సీజనంతా అడిగినా కాదంటే, అప్పుడు అనంతపురంలో వేరే చోటు చూడొచ్చు.