పెడల్ స్టీల్ గిటార్ చేయించుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఆర్డరిచ్చిన పెడల్ స్టీల్, అదే, నాలుగు కాళ్ళ మీద బల్లలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాలితో మోకాలితో స్వరాలు మార్చే గిటార్, దాని పని మొదలైందనీ, పెడళ్ళు ఎన్ని, మోకాలి లీవర్లు ఎన్ని, పైన ఏ చెక్క అంటూ తయారుచేసే ఆయన నీకో జాబితా పంపాడనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే ఆఫీసు కాల్ మధ్యలో ఊఁ కొట్టి మరిచిపోతావు. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

ముందు ఆ జాబితా సంగతి. ఒకే మెడ (తీగలు పరిచిన పలక), పది తీగలు, ‘ఈ-9’ అనే శ్రుతి, మూడు పెడళ్ళు, నాలుగైదు మోకాలి లీవర్లు. ఇంతకు మించి ఏమీ అడక్కు. రెండు మెడలున్నవి చూసి ముచ్చటపడ్డావట. ఆ రెండో మెడ సీ-6 శ్రుతిది, వెస్టర్న్ స్వింగ్ అనే జాజ్ కలిసిన కంట్రీ సంగీతం వాయించేవాళ్ళ సరంజామా. పెట్టెతో కలిపితే ఆ గిటార్ 30 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. నీ అపార్ట్‌మెంట్‌కి లిఫ్టు లేదు, నీ నడుము ఒక్కటే. ఒంటి మెడదే పెట్టెతో 20 కిలోల దాకా ఉంటుంది, అది చాలు.

పెడళ్ళు ఎడమ నుంచి ఏ, బి, సి వరసలో పెట్టమను. దీన్ని ఎమన్స్ అమరిక అంటారు. బడ్డీ ఎమన్స్ అనే మహానుభావుడి పేరు అది. షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ గిటార్లు మొదలుపెట్టి, 1963లో విడిగా తన పేరుతో కంపెనీ పెట్టినాయన. జిమ్మీ డే అమరిక అని దానికి తిరగేసిన వరస ఒకటుంది. మడమ తిప్పడంలో అదే సుఖమనేవాళ్ళూ ఉన్నారు. కానీ పాఠాలూ, ట్యాబులూ (తీగల, గీతల అంకెలతో రాసిన పాటలు) నూటికి తొంభై పాళ్ళు ఎమన్స్ వరసకే దొరుకుతాయి. చేత్తో చేయించుకుంటున్నాం కదా, ఏదన్నా కొత్తగా పెట్టిద్దాం అనే ఆలోచన అందరికీ వస్తుంది. నువ్వు పెట్టుకోకు. ఏ మార్పు కావాలో తెలియాలంటే ముందు ఉన్నదాన్ని వాయించి ఉండాలి. రేపు అమ్ముకోవాల్సి వచ్చినా అందరికీ తెలిసిన అమరికే అమ్ముడుపోతుంది.

నిజానికి చేత్తో చేయించుకోవడంలో లాభం వేరేచోట ఉంది. అది నీ ఒంటి కొలతకి వస్తుంది. మన ఇంటి ఆడపిల్లలెవరూ అయిదడుగుల మీద రెండంగుళాలు దాటలేదు. ఆ మాట ఆయనకి ముందే చెప్పు. కుర్చీలో కూర్చుని, నేల నుంచి నీ తొడ పైభాగం దాకా కొలిచి పంపు. గిటార్ కాళ్ళూ, పెడల్ రాడ్లూ ఆ ఎత్తుకి కోస్తాడు, లీవర్లు నీ మోకాలికి రెండు పక్కలా దగ్గరగా వచ్చేట్టు పెడతాడు. మోకాలు బారెడు జరిగితే తప్ప లీవర్ అందదంటే ఎంత సాధన చేసినా స్వరం వేళకి పలకదు. వాయించేటప్పుడు ఎప్పుడూ ఒకే జోడు వేసుకో. అడుగు పలచగా ఉన్నది. ఇవాళ బూటు రేపు చెప్పు అంటే కాలికి పెడల్ లోతు అలవాటు కాదు.

చెక్క అంటావా, బర్డ్స్ ఐ మేపుల్ మీద లక్క పాలిష్ చూడ్డానికి కన్నులపండుగే. పైన మైకా అతికించినదానికి గీతలు త్వరగా పడవు. నేనైతే మైకా తీసుకుంటాను. నువ్వు ఎలాగూ మేపులే తీసుకుంటావు, తీసుకో.

గిటార్ ఇంటికొచ్చాక ఆత్రంగా నిలబెట్టేయకు. పెట్టెలో అది బోర్లా పడుకుని ఉంటుంది. అలా ఉండగానే నాలుగు కాళ్ళూ మరలు తిప్పి బిగించి, ముందు కాళ్ళకి పెడల్ పలక తగిలించి, రాడ్లు కొక్కేలకి వేసి, అప్పుడు తిరగెయ్యాలి. ఆ తిరగేసే ముందు ఒక గంట దాని పొట్ట చూస్తూ కూర్చో. వాద్యంలో సగం అక్కడే ఉంది. ‘ఏ’ పెడల్ రాడ్‌ని వేలితో కదిపి చూడు. ముందునుంచి వెనక్కి అడ్డంగా ఉన్న ఒక ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. దానికి బిగించిన చిన్న కొమ్ములు రెండు వంగుతాయి. అవి రెండు సన్నటి కడ్డీల్ని లాగుతాయి. ఆ కడ్డీల చివర, నీ కుడిచేతి వైపు, తీగలు చుట్టుకుని ఉన్న లోహపు వేళ్ళలో అయిదోదీ పదోదీ కదులుతాయి. ఆ రెండు తీగలూ బి నుంచి సి షార్ప్‌కి ఎక్కుతాయి. మొత్తం రహస్యం ఇంతే. బి పెడల్ మూడూ ఆరూ తీగల్ని జీ షార్ప్ నుంచి ఏకి ఎక్కిస్తుంది. సి పెడల్ నాలుగునీ అయిదునీ ఒక్కో స్వరం పైకి లాగుతుంది. ఒక్కో పెడల్‌నీ లీవర్‌నీ కదిపి ఏది దేన్ని లాగుతోందో కాగితం మీద బొమ్మ గీసుకో. తర్వాత ఏదన్నా కిర్రుమన్నా, స్వరం వెనక్కి సరిగ్గా దిగకపోయినా ఆ కాగితమే నీకు మెకానిక్కు.

వీణ నేర్చుకున్నావు కాబట్టి ఒక సంగతి నీకు చప్పున అర్థమవుతుంది. మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం పైకి పోతుంది. ఎక్కడ ఆపాలో చెవి చెబుతుంది. ఇక్కడ లాగేది కాలు, ఆపేది ఒక మర. ఆ మర ఎక్కడ ఆగాలో మాత్రం మళ్ళీ నీ చెవే నిర్ణయించాలి. అందుకే శ్రుతి చేయడం ఇందులో రెండు విడతల పని. ముందు పెడళ్ళన్నీ వదిలేసి ఎడమవైపు బిరడాల దగ్గర పది తీగలూ కలుపు. తర్వాత ఒక్కో పెడల్ తొక్కి పట్టి, కుడివైపు చివర పలకలో కనబడే చిన్న నైలాన్ నట్లని తాళం లాంటి పరికరంతో తిప్పి, ఎక్కిన స్వరాల్ని కలుపు. వరస తప్పకూడదు.

ట్యూనర్ ముల్లు నడిమధ్యకి వచ్చిందని మురిసిపోకు. అలా కలిపితే కార్డు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి, పుల్లగా వినిపిస్తుంది. తంబురా మంద్ర తీగలో తనంతట తాను పలికే అంతర గాంధారం నీ చెవిలో ఉంది కదా, అది పియానో గాంధారం కన్నా 14 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) కిందుగా ఉంటుంది. స్టీల్ వాయించేవాళ్ళలో చాలామంది జీ షార్ప్ తీగల్ని ట్యూనర్ చూపించేదానికన్నా కిందకే కలుపుతారు. మరీ 14 సెంట్లూ దించేస్తే పియానో పక్కన వాయించినప్పుడు ఎబ్బెట్టుగా ఉంటుంది. మధ్యలో ఎక్కడో రాజీ పడాలి, ఆ చోటు నువ్వే వెతుక్కోవాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఏ, బి పెడళ్ళు కలిపి తొక్కితే ఆ లాగుడుకి చెక్క రవంత వంగి, కదలని తీగలు కూడా రెండు మూడు సెంట్లు దిగుతాయి. నీ గిటార్ లోపమేమో అని ఆయనకి ఫోన్ చేయకు. ఎంతో కొంత దాదాపు అన్నిటికీ ఉంటుంది.

మూడో తీగ 0.011 అంగుళాలది, అన్నిటికన్నా సన్నం. తెగేది అదే. పెట్టెలో ఎప్పుడూ అరడజను అవే విడిగా ఉంచుకో.

ఇక వాయించడం. ఎడమచేతిలో పట్టే ఉక్కు కడ్డీ, అదే బార్, పావుకిలో ఉంటుంది. దాని బరువు చాలు, నువ్వు నొక్కక్కర్లేదు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ బార్ వెనకాల తీగల మీద వాలి ఉండాలి, లేకపోతే వెనకభాగం గీగీమంటుంది. వీణకి మైనంలో దిగిన మెట్లున్నాయి. ఇక్కడ ఉన్నవి ఉత్త గీతలు. బార్ గీతకి సరిగ్గా నెత్తిన ఉండాలి. నువ్వు పక్కనుంచి చూస్తే గీత ఒకచోటా బార్ ఒకచోటా కనిపిస్తాయి. పై గీతలకి వెళ్ళేటప్పుడు తల కూడా అటు జరుపు.

మూడో గీత మీద బార్ పెట్టి 4, 5, 6 తీగలు మీటు. జీ కార్డు పలుకుతుంది. అవి మోగుతుండగానే ఏ, బి రెండూ మెల్లగా తొక్కు. సీ కార్డు అవుతుంది. నాలుగో తీగ జీ దగ్గరే కదలకుండా నిలబడి ఉంటే, మిగతా రెండూ దాని కిందనుంచి పైకి జరుగుతాయి. వాద్యం ప్రాణం ఇదే. బార్‌తో జారిస్తే తీగలన్నీ కలిసి జారతాయి, ఆ పని మన గోటువాద్యమూ చేస్తుంది, హవాయి గిటారూ చేస్తుంది. ఒకటి నిలిచి ఉండగా ఇంకొకటి ఇంత తేలిగ్గా కదలడం పెడల్ గొప్పతనం. ఇలా వాయించడం రాక ముందు పెడళ్ళు లేక కాదు. వాటిని ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి శ్రుతి మార్చుకోవడానికే ఎక్కువగా వాడేవారు. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ స్వరం మోగుతుండగా పెడల్ తొక్కి ఆ కదలికనే వినిపించాడు. అది విన్నాక కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో స్టీల్ వాయించేవాళ్ళు పెడళ్ళ కోసం ఎగబడ్డారు.

అదే జీ కార్డు ఆరో గీత దగ్గర ‘ఏ’ పెడల్, ‘ఈ’ స్వరపు తీగల్ని ఎఫ్‌కి ఎక్కించే లీవర్ కలిపితే వస్తుంది. పదో గీత దగ్గర ఏ, బి కలిపితే వస్తుంది. మూడు, ఆరు, పది. ఇది చాలా కాలం నీకు సరిపడా మేత. మొదటి ఏడాది ఆ రెండు పెడళ్ళు, ఆ లీవరు, ‘ఈ’ స్వరపు తీగల్ని దించే ఇంకో లీవరు, వీటితోనే గడుపు. మిగతావి ఎక్కడికీ పోవు.

ఆ ఏడాది కష్టమంతా కుడిచేతి మీద పెట్టమంటాను. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, చూపుడు, మధ్య వేళ్ళకి లోహపు పిక్‌లు. నీకు గోటితో మీటే అలవాటుంది, పిక్ మొదట్లో చేతికి అడ్డం అనిపిస్తుంది, ఓర్చుకో. అసలు పని మీటడం కాదు, ఆపడం. వీణ తీగ మీటితే కాసేపటికి తనే సద్దుమణుగుతుంది. ఇది ఆపకపోతే ఆగదు. ఆపకుండా బార్ జరిపితే పాత స్వరం కొత్తదానిలోకి ఈడ్చుకుంటూ వస్తుంది, విన్నవాళ్ళకి వాయించేవాడు తాగి ఉన్నాడేమో అనిపిస్తుంది. కుడి అరచేతి అంచు తీగల మీద వాల్చి ఆపు. అయిదో తీగ మీటు, ఆపు, బార్ జరుపు, మీటు. ఆంప్లిఫయర్ కూడా అక్కర్లేదు, రోజూ పావుగంట ఇదే. బడ్డీ ఎమన్స్‌నీ లాయిడ్ గ్రీన్‌నీ వినేటప్పుడు స్వరాలు సరే, స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత శుభ్రంగా ఉందో విను.

కుడికాలి కింద వాల్యూమ్ పెడల్ ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని ప్రతి స్వరానికీ ఊపుతారు, వినేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. సగం తొక్కి ఉంచు. స్వరం సన్నబడుతుంటే దానికి తగ్గట్టు నెమ్మదిగా తొక్కుతూ పో. అది స్వరాన్ని నిలబెట్టడానికే.

రాగాలు వాయిస్తావా అని అడిగావు. వాయించు, ఎవరొద్దన్నారు. ఇది కంట్రీ పాటలకే పుట్టిందనుకోవడం తప్పు. ఇక్కడ అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ చర్చిల్లో ప్రార్థనంతా దీని మీదే ఊగుతుంది, స్టీల్ వాయించే రాబర్ట్ రాండాల్ఫ్ అక్కణ్ణించి వచ్చినవాడే. నైజీరియాలో కింగ్ సన్నీ అడే బృందంలోనూ ఇది ఉంది. కానీ మోహన రాగానికి నీకు పెడళ్ళతో పనిలేదు, బార్ చాలు. అంత డబ్బు పోసి పెడళ్ళు చేయించుకున్నాక ముందు కార్డులు నేర్చుకో అంటాను. ఇది నా మాట, మీ గురువుగారు ఇంకోలా అనచ్చు.

సంరక్షణ పెద్దగా ఏమీ లేదు. వాయించాక తీగలూ, బార్ జరిగే చోటూ పొడిగుడ్డతో తుడువు. తీగలు మార్చేటప్పుడు ఆ లోహపు వేళ్ళ ఇరుసు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో మాత్రం వదలకు. ఏసీ హాల్లోకి తీసుకెళ్తే వెంటనే శ్రుతి చేయకు, కాసేపు అక్కడి చల్లదనానికి సర్దుకోనివ్వు. కాళ్ళ మరలు చేత్తో బిగిస్తే చాలు, పట్టకారు పెట్టకు.

ఎవరితోనైనా కలిసి వాయించే రోజు వస్తే, పాడేవాళ్ళు పాడుతున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకో. పాదం ముగిసి వాళ్ళు ఊపిరి తీసుకునే చోట నువ్వు రెండు స్వరాలు వెయ్యి. అక్కడ ఫిడేలు ఉంటే ఈ చరణం వాళ్ళది, వచ్చే చరణం నీది అని ముందే మాట్లాడుకో.

టెక్సస్ స్టీల్ గిటార్ అసోసియేషన్ వాళ్ళ జాంబరీ, అంటే స్టీల్ వాయించేవాళ్ళ మేళా, మామూలుగా మార్చిలో మా డాలస్ వైపే జరుగుతుంది. ఆ వారం సెలవు పెట్టు, గిటార్ వేసుకుని మా ఇంటికి వచ్చెయ్. రాత్రి పూట హోటల్ గదుల్లో వాళ్ళు వాయించుకునేటప్పుడు పక్కన కూర్చుని కాళ్ళు చూడనిస్తారు, ఏ ప్రశ్న అడిగినా విసుక్కోరు. మీ అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి పెట్టి ఉంచుతానంది. ఆయనకి కొలతలు ఈ వారంలోనే పంపించు.

ఉంటాను,
మామయ్య