ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని మనమే కడుక్కోవచ్చా?

కడుక్కోవచ్చు. ముందు రిమోట్‌తో కాదు, ఎంసీబీనే (ఏసీకి కరెంటు పూర్తిగా ఆపే బోర్డు స్విచ్) ఆపండి. గదిలోని వేడిని బయటికి వదిలేది యూనిట్ వెనక కనిపించే సన్నటి అల్యూమినియం రేకులే. వాటిలో దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి, రేకుల వాటం వెంబడే దులిపి, మామూలు పైపుతో నీళ్లు పట్టండి. బైకులు కడిగే ప్రెషర్ గన్ మాత్రం వద్దు, రేకులు వంగిపోతాయి. వైర్లున్న చోట తడవనివ్వకండి. ఆరాకే స్విచ్ వేయండి.

ఎండాకాలానికి ముందు ఒకసారి తప్పనిసరి. విశాఖలాంటి చోట్ల ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది కాబట్టి ఇంకాస్త తరచుగా కడగాలి. ఎండ పడుతోందని నడిచే యూనిట్‌కి గోనెసంచి చుట్టేవాళ్లున్నారు, అది దుమ్ముకన్నా చేటు! పై అంతస్తు గోడకు వేలాడుతుంటే సాహసం చేయకండి, మెకానిక్‌ని పిలవండి.