టెక్ సందేహాలు: క్యాంపస్ మూశారు, థీసిస్ గడువు ఆగదుగా!

2020 అక్టోబరు, కరోనా రోజులు. ఈసారి మెయిల్ తెరిస్తే ‘పదిహేను వేలలో ఏ ఫోన్ కొనమంటారు’ అనేవాళ్లు తగ్గి, పీజీ, పీహెచ్‌డీ వాళ్ల గోడు ఎక్కువగా కనిపించింది. మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమంటే ల్యాప్‌టాప్, రెండు జతల బట్టలు పట్టుకుని ఊరెళ్లినవాళ్లు అక్టోబరు చివరికొచ్చినా అక్కడే ఉన్నారు. ల్యాబ్ పని ఉన్న సైన్స్, టెక్నాలజీ స్కాలర్లకు, పీజీ వాళ్లకు 15వ తేదీ నుంచి తెరవొచ్చని అన్‌లాక్-5లో (లాక్‌డౌన్ సడలింపుల ఐదో విడతలో) కేంద్రం చెప్పింది గానీ, ఆర్ట్స్ వాళ్ల ఊసు అందులో లేదు. లైబ్రరీ, ఫెలోషిప్ సెక్షన్, ఎగ్జామ్ బ్రాంచ్, ఏది అడిగినా ‘అన్నీ ఆన్‌లైనేనమ్మా’ అంటున్నారు. ఆన్‌లైనే, కాదనను, తాళాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకచోట ఆ తాళం ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు), ఇంకోచోట క్లర్కు లాగిన్, మరోచోట పనిచేయని సిమ్. ఏది అడ్డం పడిందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ప్రశ్న: ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. జనగామ దగ్గర మా ఊళ్లో ఉన్నాను. క్యాంపస్‌లో క్లిక్ చేస్తే తెరుచుకునే జర్నల్ వ్యాసాలు ఇక్కడ ఒక్కోటీ ముప్పై, నలభై డాలర్లు కట్టమంటున్నాయి. యూనివర్సిటీ చందా ఆపేసిందా?

జవాబు: ఆపి ఉండదు. క్యాంపస్‌లో మీరెప్పుడూ పాస్‌వర్డ్ కొట్టలేదు కదా, ఎందుకో ఆలోచించండి. పబ్లిషర్ చూసేది మిమ్మల్ని కాదు, మీ కంప్యూటర్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వస్తోందో చూస్తాడు. అది యూనివర్సిటీదైతే తలుపు తీస్తాడు. ఊళ్లో మీరు జియోలోనో ఎయిర్‌టెల్‌లోనో ఉన్నారు కాబట్టి అతని దృష్టిలో మీరు దారిన పోయే మనిషి.

దీనికి దారులు మూడు. మీ యూనివర్సిటీ వీటిలో ఏది ఇచ్చిందో లైబ్రరీ వెబ్‌సైట్‌లో ‘రిమోట్ యాక్సెస్’, ‘ఆఫ్ క్యాంపస్’ అనే మాటల కింద వెతకండి. మొదటిది వీపీఎన్: మీ కంప్యూటర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకుని కనెక్ట్ అయితే మీరు క్యాంపస్‌లో ఉన్నట్టే లెక్క. రెండోది ప్రాక్సీ: లైబ్రరీ పేజీలో లాగిన్ అయి, అక్కడున్న లింకుల మీదుగానే పబ్లిషర్ దగ్గరకు వెళ్లడం. ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. లాగిన్ అయితే అవుతారు గానీ ఆ వెంటనే కొత్త ట్యాబ్ తెరిచి గూగుల్‌లో వ్యాసం పేరు కొట్టి వెళ్తారు, మళ్లీ డాలర్లు అడుగుతుంది. గూగుల్ నుంచి వెళ్తే ప్రాక్సీ మీ వెనక రాదు, లైబ్రరీ పేజీలోని లింకు నొక్కి జర్నల్‌లోకి వెళ్లి, లోపల వెతుక్కోవాలి. మూడోది ఇన్‌ఫెడ్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను నెట్‌తో కలిపే యూజీసీ సంస్థ) నడిపే ఏర్పాటు ఇది. పబ్లిషర్ సైట్‌లోనే ‘ఇన్‌స్టిట్యూషన్ ద్వారా లాగిన్’ అనే చోట ఇన్‌ఫెడ్‌నూ, ఆ తర్వాత మీ యూనివర్సిటీ పేరునూ ఎంచుకుంటే, మీ వర్సిటీ లాగిన్ పేజీ వస్తుంది. ఐడీ ఇవ్వాల్సింది మీ లైబ్రరీవాళ్లే, కాబట్టి ఫోన్ చేసి అడగండి. అడగనివాళ్లకు తమంతట తాముగా ఐడీలు పంపిన లైబ్రరీలను నేను తక్కువే చూశాను.

రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతుకుతున్నారు కాబట్టి ఇంకో మాట. వీపీఎన్ ఆన్‌లో ఉంచి యూట్యూబ్ చూడకండి, కొన్ని చోట్ల ఆ ట్రాఫిక్ అంతా యూనివర్సిటీ సర్వర్ చుట్టూ తిరిగి వస్తుంది, మీకూ నెమ్మది, వాళ్లకూ భారం. అలాగే ‘దొరికిందే చాన్సు’ అని ఒకేసారి ఓ జర్నల్ సంచికలన్నీ దింపుకోవద్దు. పబ్లిషర్ల సిస్టమ్ దాన్ని దొంగతనం కింద లెక్కేసి మొత్తం యూనివర్సిటీకి గేటు వేస్తుంది. ఐడీ స్నేహితులకు ఇచ్చినా ఇదే తంటా.

లైబ్రరీ చేతులెత్తేస్తే? జర్నళ్ల ఆన్‌లైన్ భాండాగారమైన జేస్టోర్‌లో సొంత మెయిల్‌తో ఉచిత ఖాతా తెరవండి. కరోనా వచ్చాక నెలకు 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోనిస్తున్నారు, డౌన్‌లోడ్ మాత్రం ఉండదు. బ్రౌజర్‌కు ‘అన్‌పేవాల్’ అనే ఎక్స్‌టెన్షన్ తగిలించుకుంటే, రచయిత ఎక్కడైనా చట్టబద్ధంగా ఉచితంగా పెట్టిన ప్రతి ఉందేమో అదే చూపిస్తుంది. మన దేశంలో వచ్చిన థీసిస్‌లకైతే శోధ్‌గంగ వెబ్‌సైట్ ఎలాగూ ఉంది, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. ఇవేవీ కాకపోతే వ్యాసం రాసినాయనకే మర్యాదగా రెండు లైన్ల మెయిల్ పెట్టండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

ప్రశ్న: సార్, తెలుగు సాహిత్యంలో నా సిద్ధాంత గ్రంథం పూర్తయింది. డీటీపీ అతను అను ఫాంట్స్‌లో పేజ్‌మేకర్ మీద చేశాడు. ఇప్పుడు పరీక్షకుడికి సాఫ్ట్ కాపీ మెయిల్ చేయమంటున్నారు. పంపితే ‘ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి’ అని జవాబొచ్చింది. ప్లేజియరిజం (రచనాచౌర్యం) రిపోర్టు కూడా కావాలట. ఏం చేయాలి?

జవాబు: ఇలాంటివి ఈ నెలలో చాలానే వచ్చాయి. నిరుడు ఇదే థీసిస్‌ను ఐదు కాపీలు బైండింగ్ చేయించి ఇచ్చుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ వచ్చేది కాదు, కాగితం మీద అను చాలా అందంగా ఉంటుంది కూడా. చిక్కంతా ఫైలు పంపాల్సి వచ్చినప్పుడే.

అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షరాల కోడ్) కావు. మీ ఫైలులో నిజానికి తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, యూరప్ భాషల గుర్తులు. వాటి మీద తెలుగు బొమ్మలు అతికించింది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మలు రాలిపోయి కింద ఉన్న సరుకు బయటపడుతుంది. పరీక్షకుడికి కనిపించింది అదే.

ముందు అర్జెంటు పని. డీటీపీ అతనితో ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ చేయించండి. చేశానంటే నమ్మేయకండి. అడోబ్ రీడర్‌లో ఫైలు తెరిచి, ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అనో ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అనో ఉండాలి. ఒక్కదాని పక్కన లేకపోయినా ఆ ఫాంటు వాడిన శీర్షికలు అక్కడ చెడతాయి. తర్వాత ఆ పీడీఎఫ్‌ను ఇంట్లో ఎవరి ఫోన్‌కైనా వాట్సాప్ చేసి తెరిపించండి. అందులో అను ఉండదు కాబట్టి అక్కడ సరిగా కనిపిస్తే పరీక్షకుడి దగ్గరా కనిపిస్తుంది.

ప్లేజియరిజం సంగతి వేరు. పీడీఎఫ్ కంటికి తెలుగులా ఉన్నా సాఫ్ట్‌వేర్ చదివేది కింద ఉన్న ఆ గుర్తులనే. అందుకే అను ఫైలు వేస్తే రిపోర్టులో సున్నా, ఒకటి శాతం వస్తుంది. సంబరపడకండి. ఆ రిపోర్టుకు అర్థం లేదు, రేపెవరైనా అడిగితే మీకే తలనొప్పి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే పేచీ లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే సరిచేసి మళ్లీ ఇమ్మంటారు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. పద్యాలు, కావ్యభాగాలు ఎక్కువగా ఉదాహరించే తెలుగు స్కాలర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుని, రిపోర్టు తీసేవాళ్లతో ఉటంకింపులు మినహాయించమని చెప్పాలి. వాళ్లంతట వాళ్లు చేస్తారనుకోవద్దు.

కాబట్టి ఎలాగైనా యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మొత్తం గ్రంథం ఒకేసారి కుమ్మరించకుండా ఒక్కో అధ్యాయం మార్చండి. మార్చాక క్రావడులు, క్ష, ఋ, కొటేషన్ గుర్తులు, అంకెలు ప్రత్యేకంగా చూడండి, చెడేవి ఎక్కువగా ఇవే. మధ్యలో ఇంగ్లిష్ పుస్తకాల పేర్లుంటే కన్వర్టర్ వాటిని కూడా తెలుగే అనుకుని ముక్కలు చేస్తుంది, ముందే వాటిని పక్కకు తీసి చివర్లో అతికించండి. గ్రంథసూచిని మార్చే బదులు కొత్తగా టైప్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. అక్షరాలకు మండలి, గిడుగు, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫాంటు మారితే పేజీల సంఖ్య మారుతుంది, విషయసూచిక మళ్లీ వేయాలి, అది మర్చిపోయి పంపిస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ఇంత శ్రమా అంటారేమో, శోధ్‌గంగలోకి వెళ్లాక మీ గ్రంథంలోని మాట వెతికితే దొరకాలన్నా యూనికోడే దిక్కు. లేదంటే అది అక్కడ ఉంటుంది, ఎవరికీ కనిపించదు.

ప్రశ్న: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) జూన్ నుంచి పడలేదు. యూనివర్సిటీని అడిగితే యూజీసీ అంటారు, యూజీసీకి మెయిల్ పెడితే జవాబు లేదు. ఏదైనా యాప్‌లో స్టేటస్ చూసుకోవచ్చా?

జవాబు: ఇది యాప్‌తో తేలే పని కాదు. ఆ ఫెలోషిప్ డబ్బు నెలనెలా ఎలా వస్తుందో చూడండి. కెనరా బ్యాంకు నడిపే స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీ యూనివర్సిటీ నుంచి ఒకరు ‘మేకర్’గా మీ పేరు ఎక్కించాలి, ఇంకొకరు ‘చెకర్’గా దాన్ని ఖాయం చేయాలి. ఇది ప్రతి నెలా జరగాలి. ఈ ఇద్దరిలో ఒకరు క్వారంటైన్‌లో ఉన్నా, మీ డిపార్ట్‌మెంట్ నుంచి కాగితం అందకపోయినా డబ్బు ఆగుతుంది. అందుకని ‘ఫెలోషిప్ ఎందుకు రాలేదు’ అని అడిగితే లాభం లేదు. ‘జూన్ నెలకు నా పేరు మేకర్ ఎక్కించారా, చెకర్ దగ్గర ఆగిందా’ అని అడగండి. ఆ ప్రశ్నకు దాటవేత జవాబు చెప్పడం కష్టం.

హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సంతకం చేసిన కాగితాలు ఫోన్‌లో స్కాన్ చేసి పంపేటప్పుడు నెలకో ఫొటో చొప్పున వాట్సాప్‌లో విసరకండి. క్యామ్‌స్కానర్ 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో పోయింది కాబట్టి అడోబ్ స్కాన్ గానీ గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ గానీ వాడి, అన్ని నెలలవీ ఒకే పీడీఎఫ్ చేయండి. ఫైలు పేరులో మీ పేరు, అవార్డ్ లెటర్ నంబరు, నెలలు ఉండాలి. సెక్షన్‌లో ఆ క్లర్కు ఇన్‌బాక్స్‌లో ‘స్కాన్ 001’ అనే ఫైళ్లు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. మెయిల్ గైడ్‌కూ కాపీ పెట్టండి.

ప్రశ్న: వచ్చే వారం ఆన్‌లైన్ వైవా. మా ఊళ్లో కరెంటు, సిగ్నల్ రెండూ దైవాధీనం. జూమా, మీటా?

జవాబు: ఏదైనా ఫర్వాలేదు, వీడియోలో వైవా పెట్టుకోవచ్చని యూజీసీ 2020 ఏప్రిల్ 29నే చెప్పింది. లింకు మాత్రం యూనివర్సిటీ ఖాతా నుంచే రావాలని పట్టుబట్టండి. ఉచిత జూమ్‌లో ముగ్గురు చేరితే 40 నిమిషాలకే కట్ అవుతుంది. 2020లో గూగుల్ మీట్ ఉచిత ఖాతాకు ఆ బాధ ఉండేది కాదు. మీ స్లైడ్లు పీడీఎఫ్ చేసి ముందురోజే గైడ్‌కు పంపండి, మీ నెట్ పోతే ఆయన స్క్రీన్ మీద చూపిస్తారు, మీరు మాట్లాడితే చాలు. ఇంట్లో వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌లోనూ అదే మీటింగులో చేరి మైక్, స్పీకర్ ఆపి పక్కన పెట్టుకోండి. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు మొత్తం స్క్రీన్ కాకుండా ఆ ఒక్క విండోనే ఎంచుకోండి. వాట్సాప్ వెబ్‌లో మీ తమ్ముడి మెసేజ్‌లు పరీక్షకులు చదవనక్కర్లేదు కదా.

ప్రశ్న: అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను, మార్చిలో గుంటూరు వచ్చి చిక్కుకున్నాను. క్లాసులు ఆన్‌లైన్‌లోనే. యూనివర్సిటీ పోర్టల్ లాగిన్ అయ్యేటప్పుడు డ్యువో (లాగిన్ అయ్యేది మనమేనని ఫోన్ ద్వారా ఖాయం చేసుకునే సర్వీసు) కోడ్ నా అమెరికా నంబరుకు పంపుతోంది, ఆ సిమ్ ఇక్కడ పనిచేయడం లేదు.

జవాబు: ఫోన్‌లో డ్యువో మొబైల్ యాప్ ఉండి, అందులో మీ యూనివర్సిటీ ఖాతా కనిపిస్తుంటే సిమ్‌తో పనే లేదమ్మా. యాప్‌లో ఆ ఖాతాను నొక్కితే అంకెల పాస్‌కోడ్ వస్తుంది, లాగిన్ పేజీలో ‘పాస్‌కోడ్’ అనే ఆప్షన్ ఎంచుకుని అది కొట్టండి. నెట్ లేకపోయినా వస్తుంది. ఫోన్ మార్చి యాప్ పోగొట్టుకుని ఉంటే ఐటీ హెల్ప్‌డెస్క్‌కు వీడియో కాల్ చేయండి. ఐడీ కార్డు చూసి తాత్కాలిక కోడ్ ఇస్తారు. దానితో లోపలికి వెళ్లగానే మొదటి పనిగా మీ ఇండియా నంబరును, ఇంట్లో ఉన్న ట్యాబ్‌నో ఇంకో ఫోన్‌నో కూడా చేర్చుకోండి. అమెరికా సిమ్‌ను చౌక ప్లాన్‌లోకి మార్చి బతికించుకోవడం మంచిది, అక్కడి బ్యాంకు ఓటీపీలు కూడా దానికే వస్తాయి. ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద కొత్త సంతకం కావాలంటే కొరియర్ కోసం చూడకండి, 2020 మార్చి నుంచి మెయిల్‌లో పంపడానికి అనుమతి ఉంది, అడిగి తెప్పించుకుని ప్రింటు తీసి పెట్టుకోండి.

మీరు అడగలేదు గానీ, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. న్యూయార్క్ వైపు సాయంత్రం ఆరింటి క్లాసు ఇప్పుడు మీకు తెల్లవారుజామున మూడున్నరకు ఉంటే, ఆ రోజు నుంచి నాలుగున్నరకు. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ చేర్చుకుని, క్లాసులను అక్కడి టైమ్‌లోనే నమోదు చేస్తే అదే సర్దుకుంటుంది. అలారాలు మాత్రం మీరే మార్చుకోవాలి.